టైఫాయిడ్ అని రాసిన సెలవు

మొన్న మా చిన్నది బడి నుంచి వస్తూనే ఒక కాగితం నా ఒళ్లో పడేసింది. అది తొమ్మిదో తరగతి. వాళ్ళ బళ్ళో సెలవు చీటీలు కొత్తగా అచ్చేయించారంట. ఇంతకు ముందు మనమే తెల్లకాగితం మీద రాసి పంపేవాళ్ళం. ఇప్పుడు కారణాలన్నీ వాళ్ళే వరసగా వేసి పక్కన గళ్ళు పెట్టారు, టిక్కు పెడితే చాలు. జ్వరం, ఊరి ప్రయాణం, ఇంట్లో శుభకార్యం, ఇంట్లో అశుభం, వాటన్నిటి కింద ఇంకొకటి: 'మనసు బాగాలేదు'. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. కాగితం తిప్పి వెనక కూడా చూశాను. బట్టల కొట్లో పెరిగినదాన్ని, చేతికొచ్చింది ఏదైనా తిరగేసి చూడందే నాకు నమ్మకం కుదరదు. వెనక ఏమీ లేదు. ఆ గడి పెట్టాలని ముందుగా ఎవరికి తోచిందో, ఆ మాట బయటపెట్టినప్పుడు టీచర్ల మీటింగులో ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో కనుక్కోవాలని నాకు ఒకటే కుతూహలం. ఎందుకంటే ఈ ఒక్క గడి లేకనే ఏడేళ్ళ కిందట మా పెద్దమ్మాయికి టైఫాయిడ్ తెప్పించాల్సి వచ్చింది.

మాది కావలి. మా నాయనకి బజార్లో బట్టల కొట్టు. నాకు అక్షరాల కంటే ముందు బేరం వచ్చింది. నచ్చిన చీర వంక చూడకూడదు, దాని పక్కచీరని పట్టుకుని దీని ధర అడగాలి. కావాలన్న ఆశ మొహంలో కనపడిందా, ఇక మనం అయిపోయినట్టే. ఎదుటివాళ్ళు మొదటి మాటకే సరేనన్నారంటే సంతోషపడకూడదు, సరుకుని ఇంకోసారి వెలుతుర్లో పెట్టి చూడాలి. ఇవి మా నాయన పాఠాలు. పెళ్ళిచూపుల్లో కూడా నేను ఇదే పాటించాను. పెళ్ళికొడుకు నచ్చినాడని మొహంలో రానీకుండా పక్కన కూర్చున్న ఆయన బాబాయి వంకే చూస్తా కూర్చున్నాను. మా ఆయన వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదంట. ఈ విద్యనంతా మా పెద్దమ్మాయికి ఉగ్గుపాలతో పట్టాను. నాలుగేళ్ళప్పుడే అది తిరనాళ్ళలో బొమ్మ కావాలంటే పక్కబొమ్మని చూపించి ఏడ్చేది. నా కూతురని మురిసిపోయాను.

పదో తరగతి కాగానే దాన్ని నెల్లూరు పక్కన ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్‌లో వేశాం. ఆదివారాలు పిల్లలు వరసలో నిలబడి వార్డెన్ ఫోన్లో ఇళ్ళకి మాట్లాడాలి. ఒక ఆదివారం అది, "అమ్మా, పది రోజులు ఇంటికొచ్చి ఉండనా?" అనింది. నాకు అలవాటేగా, ఆలోచించకముందే నోరు బేరంలోకి దిగిపోయింది. "పది రోజులే! ఏందిమే, ఎవురి పెళ్ళి? ఈసారి సెలవులిస్తారు గదా, అప్పుడు రెండు రోజులు ఎక్కువుందువులే" అన్నాను. అవతల నుంచి "సరేమా" అని వినపడింది. ఫోన్ పెట్టేసి, పదిని రెండుకి దించినాను గదా అని మా ఆయన ముందు గొప్పలు కూడా పోయినాను. ఆయనది కృష్ణపట్నం పోర్టులో షిఫ్టుల పని, ఆదివారమైనా పోవాల్సిందే. కంపెనీ బస్సుకి టైమైందని టిఫిన్ డబ్బా పట్టుకుని, నా వంక ఒక చూపు చూసి వెళ్ళిపోయినాడు.

మర్నాడు పొద్దున మార్కెట్‌కి పోయినాను. అక్కడ వంకాయలమ్మే ఆమెకీ నాకూ రోజూ పావుగంట యుద్ధం. ఆ రోజు నేనన్న ధరకి ఒక్క మాట మాట్లాడకుండా "తీసుకోక్కా" అనింది. వెంటనే గంపలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగువి పైకి తీశాను. అన్నీ పుచ్చులే.

"ఏందక్కా, మనిషినీ నమ్మవు, కాయనీ నమ్మవు! అట్టా తిరగేస్తావే?"

"ఒక్క మాటకే సరేనంటివే, నమ్మేదెట్టా?" అన్నాను.

అన్న తర్వాత చెయ్యి గంపలోనే ఉండిపోయింది. నిన్న ఇంకొక మనిషి కూడా ఒక్క మాటకే సరేనంది. నా కూతురు, నా దగ్గర బేరం నేర్చిన పిల్ల, తొమ్మిదన్నా అడక్కుండా, ఎనిమిదన్నా అడక్కుండా సరేనంది. సంచి అక్కడే వదిలేసి బస్టాండుకి పోయినాను. కొడవలూరు దాటేటప్పుడు కిటికీలోంచి నాట్లేసిన మళ్ళు కనపడుతున్నా నా కళ్ళకి ఆ గంప అడుగే కనపడతా ఉంది.

కాలేజీ గేటు పక్కన తల్లిదండ్రుల కోసం ఒక రేకుల షెడ్డు. పిల్ల వచ్చింది. నవ్వింది కూడా. "బాగుండానమ్మా, పని చూసుకుని వచ్చినావా?" అనింది. మొహంలో ఏమీ లేదు. నేను నేర్పిన మొహమే అది. అంత బాగా నేర్చుకుంటుందని నేననుకోలేదు. కానీ గోళ్ళు కండ దాకా కొరికేసి ఉన్నాయి. చున్నీ అంచుని మడుస్తా ఉంది, విప్పుతా ఉంది, మళ్ళీ మడుస్తా ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని, "నిజంగా ఎన్ని రోజులు కావాలమ్మా?" అన్నాను. చున్నీ అంచు వదిలేసింది.

"నెల అడగాలనుకున్నా. నెలంటే నువ్వు అరుస్తావని పది అన్నా. నెల నుంచి నిద్ర పట్టటం లేదమ్మా. పుస్తకం తీస్తే అక్షరాలు కనపడతాయి, లోపలికి పోవు. శనివారం టెస్టంటే శుక్రవారం నుంచే చేతులు వణుకుతాయి."

బేరగాళ్ళ ఇళ్ళల్లో తప్ప ఇంకెక్కడా ఈ పొరపాటు జరగదేమో. ప్రపంచంలో అందరూ ఎక్కువ చెప్పి తగ్గుతారు. నా కూతురు నాకు భయపడి ముందే తగ్గించి చెప్పింది. దాన్ని నేను ఇంకా తగ్గించాను.

ప్రిన్సిపాల్ గదిలోకి పోయి రెండు నెలలు అడిగాను. ఆయన మూడు రోజులన్నాడు. అయితే ఏ సెలవూ వద్దులెండి సార్ అని లేచి బయటికొచ్చి మెట్లు దిగడం మొదలుపెట్టాను. కొట్టు దగ్గరైతే మూడో మెట్టు మీద ఉండగానే వెనక నుంచి పిలుపు వస్తుంది. ఇక్కడ ఆరు మెట్లున్నాయి. ఒక్కొక్క మెట్టూ కొత్తకోడలు గడప దాటినంత నెమ్మదిగా దిగాను. ఎవరూ పిలవలేదు. కింద నిలబడి కాసేపు చెట్లని చూశాను, వాటికి బేరం రాదు. జన్మలో మొదటిసారి, దిగిన మెట్లు నేనే మళ్ళీ ఎక్కి పోయినాను.

"ఎన్ని రోజులో నాకు తెలీదు సార్. పిల్లకి మనసు బాగాలేదు. ఇంటికి తీసకపోవాల" అన్నాను.

ఆయన చెడ్డమనిషి కాదు. రిజిస్టరు నా వైపు తిప్పి, కారణం అన్న చోట వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ ఆ మాట రాస్తే పైవాళ్ళు అడుగుతారమ్మా. పిల్ల పేరు పక్కన అట్టానే నిలబడిపోతుంది." కాసేపు పెన్ను తిప్పుతా ఆలోచించి, గొంతు తగ్గించి అన్నాడు: "టైఫాయిడ్ అని రాయనా? విషజ్వరమంటే వారం దాటితే నమ్మరు. టైఫాయిడ్‌కైతే ఎన్నాళ్ళయినా ఎవరూ అడగరు." తిరిగి వచ్చే తేదీ అన్న చోట పెన్ను పెట్టి, నా మొహం చూసి, తీసేశాడు. అది ఖాళీగానే వదిలేశాడు.

అట్లా మా ఇంటికి టైఫాయిడ్ వచ్చింది. వీధి మొత్తం బ్రెడ్డు పొట్లాలూ బత్తాయిలూ పట్టుకుని వచ్చింది. పక్కింటి పెద్దమ్మ నుదుటి మీద చెయ్యేసి, "చల్లగానే ఉందే!" అంటే, "సాయంత్రాలు వస్తుంది పెద్దమ్మా" అని నేను అందుకునేదాన్ని. వాళ్ళు వెళ్ళాక పిల్ల బత్తాయి వలుచుకుంటా అనింది: "నిజంగా జొరమే వచ్చుంటే బాగుండమ్మా. చెప్పుకోడానికి ఒక పేరుండేది." నెల్లూరులో మనసు డాక్టరమ్మ దగ్గరికి వారం వారం తీసకపోయేదాన్ని. లోపల ఏం మాట్లాడుకుంటారో తెలుసుకోవాలని నాకు ప్రాణం పోతుండేది. "ఏమడిగిందిమే?" అంటే, "నిద్ర గురించమ్మా" అనేది. "అంతేనా?" "అంతే." ఇంత దూరం వచ్చి నిద్ర గురించేనా అని నాకు లోపల గింజుకునేది. ఇంట్లో దాన్ని గంటకొకసారి చూసేదాన్ని, పొయ్యి మీద పెట్టిన పాలని చూసినట్టు. అది చూసి చూసి మా నాయనే ఒకరోజు అన్నాడు: "ఆ పిల్లని కొట్టుకి పంపు. ముందు నీ కళ్ళ నుంచి సెలవు కావాల దానికి."

కొట్లో మధ్యాహ్నం పూట జనం ఉండరు. అప్పుడు మా నాయన బీరువాలోంచి పట్టుచీరలు దించి, ఒక్కొక్కటీ పూర్తిగా విప్పి, గాలికి ఆరనిచ్చి, మడత మార్చి పెడతాడు. ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంటే జరీ ఆ గీత మీదే తెగిపోతుంది. నేను చిన్నప్పటి నుంచీ చూసిన పనే, నాకేమీ అనిపించేది కాదు. పిల్ల ఒక కొస పట్టుకుంటే తాత ఒక కొస. నేను అన్నం క్యారియర్ తీసుకుపోయి గుమ్మంలో నిలబడి విన్నాను.

"అమ్ముడుపోనివాటికి కూడా మార్చాలా తాతా?"

"అమ్ముడుపోయేదానికి కొన్నోళ్ళు మారుస్తారు. ఇక్కడుండేదానికి మనమే గదమ్మా మార్చాల్సింది."

పిల్ల చీరని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత అట్లానే ఆ గుట్ట మీద తల వాల్చి నిద్రపోయింది. పట్టపగలు, బజారు హారన్ల మధ్య, రెండు గంటలు. మా నాయన వచ్చిన గిరాకీని వేలితో సైగ చేసి పక్కకొట్టుకి పంపించేశాడు. ఆయన అట్లా చెయ్యడం నేను అంతకు ముందూ చూళ్ళేదు, తర్వాతా చూళ్ళేదు.

నలభయ్యో రోజునో, నలభై అయిదో రోజునో, అదే వచ్చి "అమ్మా, నా పుస్తకాల సంచి ఎక్కడ పెట్టినావు?" అనింది. ఆ కాలేజీకి మళ్ళీ పోలేదు. తర్వాతి ఏడాది కావలిలోనే, ఇంటి నుంచి పోయి వచ్చే కాలేజీలో మొదటి సంవత్సరం మళ్ళీ మొదలుపెట్టింది. ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి చెబితే, "మంచిదమ్మా. టైఫాయిడ్ తగ్గిందా?" అన్నాడు. తగ్గింది సార్ అన్నాను. ఇప్పుడు నెల్లూరులో ఫిజియోథెరపీ చదువుతా ఉంది. పరీక్షలప్పుడు ఇప్పటికీ గోళ్ళు కొరుకుతుంది, కానీ ఫోన్ చేసి కొరుకుతున్నానని చెబుతుంది.

ఇదంతా తలుచుకుంటా ఉంటే చిన్నది ఆ గడి మీద వేలు పెట్టి, "ఇక్కడ టిక్కు పెడితే ఎన్ని రోజులిస్తావు?" అనింది. నా నోరు అప్పటికే సగం తెరుచుకుంది. మూసుకుని, "ఎన్ని కావాలో నువ్వే చెప్పు. తగ్గించను" అన్నాను. అది నన్ను అనుమానంగా చూసి, కాగితం తీసుకుని తిప్పి వెనక చూసింది.

పెద్దదానికి ఒక సంవత్సరం పోయిందని మా చుట్టాలు ఇప్పటికీ అంటారు. పోయిందంటున్న ఆ ఒక్క సంవత్సరమే నాకు రోజు రోజూ గుర్తుంది. పోకుండా పట్టుకున్నామనుకున్న మిగతా ఏళ్ళన్నీ ఎటు పోయినాయో మాత్రం ఎంత వెతికినా కనపడటం లేదు.