జీరో టికెట్ వెనక రాసిన ప్రశ్న: మిర్యాలగూడ నుంచి కోదాడ, సూర్యాపేట

బస్సెక్కితే నాకు వాంతులవుతాయి. నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారని తెలిసి, వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మాది హాలియా పక్కన చిన్న ఊరు. ఏడో తరగతి తర్వాత హైస్కూలుకు రోజూ బస్సులో పోవాలి. నాలుగు రోజులు పోయాను, నాలుగు రోజులూ కక్కుకున్నాను. పిల్లలు నవ్వారు. ఐదో రోజు చదువు మీద మనసు లేదని ఇంట్లో అబద్ధం చెప్పి బడి మానేశాను.

ఇప్పుడు పెళ్లయి మూడేళ్లు. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో బాయిలర్ చూసుకుంటాడు. మొన్న సూర్యాపేటలో నెల రోజుల కుట్టు శిక్షణకు నా పేరు వచ్చింది. శనివారం సాయంత్రం నాలుగు లోపు వెళ్లి సంతకం పెట్టకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారట. రానూపోనూ రోజుకు మూడు గంటల బస్సు. నా వల్ల కాదని చెప్పేశాను. ఆయన బలవంతం చేయలేదు కానీ, ఆ శనివారమే కోదాడలో ఒక కాలేజీకి సుగుణ మేడం వస్తోందని చెప్పాడు. ఆమె అంతరిక్షానికి వెళ్లి వచ్చిన మనిషి. అంతకుముందు బాయిలర్ల కంపెనీలో ఇంజినీరుగా ఉండి, మిర్యాలగూడ మిల్లులన్నీ తిరిగిందని మిల్లులో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు బాయిలర్ చల్లార్చి కడుగుతారు కాబట్టి ఆయనకు సెలవు.

"ఆమెను సూసి సూర్యాపేట మీదికెళ్లి వద్దాం. సంతకం పెడితే పెట్టు, లేకుంటే లేదు" అన్నాడు.

పొద్దున ఆరుంబావుకు ఇంటి నుంచి బయలుదేరాం. బస్టాండు దాకా షేర్ ఆటోకు మనిషికి ఇరవై. ఏడు గంటలకు హుజూర్‌నగర్ మీదుగా పోయే కోదాడ బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ నాకు ఇచ్చారు, మా ఆయనకు వంద లోపే అయింది. మా అమ్మ నేర్పిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. ముందు రోజు రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు, చేతిలో నిమ్మకాయ, కడుపు మీద చీర లోపల మడిచిన పేపరు. అయినా హుజూర్‌నగర్ దాటగానే మొదలైంది. కడుపులో ఏమీ లేదు కాబట్టి పసరే వచ్చింది. వెనక సీటులోని పెద్దావిడ వీపు నిమురుతూ, "ఎన్నో నెల బిడ్డా?" అని అడిగింది. బస్సంతా నా వైపు చూసింది. మా ఆయనే, "గదేం లేదు పెద్దమ్మా, ఆమెకు బస్సు పడది" అని చెప్పాడు. ఇక సూర్యాపేట మాట ఎత్తవద్దని అప్పుడే అనుకున్నాను.

తొమ్మిదికి కోదాడలో దిగాం. కాలేజీ హాలు పదికల్లా నిండింది. వెనక వరసలో గోడ పక్కన కూర్చున్నాం. సుగుణ మేడం మామూలు నేత చీరలో వచ్చింది. మిల్లుల్లో బాయిలర్ల మీదికెక్కి పగుళ్లు వెతికిన రోజుల నుంచి మొదలుపెట్టింది. తర్వాత రాకెట్ల ఇంజిన్ల దగ్గర ఉద్యోగం దొరికిందట. వ్యోమగాముల ఎంపికకు మొదటిసారి పోతే తీసుకోలేదట. రెండోసారి తీసుకునేసరికి ఆమెకు ముప్పై నాలుగేళ్లు. ఏళ్ల తరబడి శిక్షణ, నీళ్ల తొట్టిలో బరువైన సూటుతో పని, ఆ తర్వాత పైకి. పైన కూడా తాను చేసింది మిల్లు పనిలాంటిదేనని, పైపులు, వాల్వులు బాగు చేశానని చెబితే మా ఆయన ముఖం వెలిగిపోయింది.

చివర్లో ప్రశ్నలు చీటీల మీద రాసి పంపమన్నారు. నా దగ్గర కాగితం లేదు. మా ఆయన జేబులోని పెన్ను తీసుకుని జీరో టికెట్ వెనక రాశాను: "మీకు వాంతులు అయినయా?" రాశాక భయమేసి నలిపేయబోయాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని ముందుకు పంపేశాడు.

మేడం దాన్ని పైకి చదవగానే హాలంతా నవ్వింది. నేను తల వంచుకున్నాను. ఆమె నవ్వు ఆగేదాకా ఆగింది.

"అయినయి. మొదటి రెండు రోజులు ఒకటే తీరు. పైనేదో కిందేదో కడుపుకు తెలవది. సంచిలో కక్కి, మూతి బిగించి, మళ్ల పని పట్టుకున్న. నాతోటి వచ్చినోళ్లలో ఇద్దరికి గిట్లనే అయింది. అక్కడెవ్వరూ నవ్వలే."

ఆమె చీటీని తిప్పి, అది బస్సు టికెట్ అని చూసింది.

"ఈ చీటీ రాసినవాళ్లు లేవనక్కర లేదు. చేతిలో నిమ్మకాయ ఉండే ఉంటది. పొద్దుగాల్నుంచి ఏం తినకుంట వచ్చి ఉంటరు. మిర్యాలగూడకు నేను కూడా అట్లనే వస్తుంటి. ఆ తప్పు చేయకుండ్రి, ఉత్త కడుపు ఇంకెక్కువ తిప్పుతది. ఎంపికప్పుడు నన్ను తిరిగే కుర్చీల కూసోబెట్టిన్రు. కక్కిన. ఇగ అయిపోయిందనుకున్న. వాళ్లు సూసింది నేను కక్కిన్నా లేదా అని కాదు. కక్కినంక చెప్పిన పని చేసిన్నా లేదా అని."

నిమ్మకాయను గుప్పిట్లో దాచుకున్నాను. ఎన్నో ఏళ్ల నుంచి గుండె మీద ఉన్న బరువేదో దిగినట్టయింది.

బయటికి రాగానే ఆకలి తెలిసింది. బస్టాండు ఎదురుగా ఒక టిఫిన్ బండి దగ్గర, ప్రయాణముందని నూనె వస్తువులు వద్దంటే, బండి ఆమె "ఇడ్లీ తినమ్మాయ్, రెండే తిను, చట్నీ తక్కువేస్తాను. బస్సులో ముందు కూర్చో" అంది. ప్లేటు ముప్పై. ముందు ఆగిన బస్సు ఆంధ్రా వాళ్లది, అందులో మన జీరో టికెట్ చెల్లదు. ఇరవై నిమిషాలు ఆగి మన ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ముందు సీటులో కూర్చుని దూరంగా రోడ్డు చివరనే చూస్తూ ఉన్నాను. మునగాల దాటినా ఏమీ కాలేదు. సూర్యాపేట పది నిమిషాలుందనగా మాత్రం అయింది. వెంట తెచ్చుకున్న ప్లాస్టిక్ కవర్లో కక్కి, ముడి వేసి, దిగాక చెత్తడబ్బాలో వేసి, నోరు కడుక్కున్నాను.

"ఇంటికి పోదామా?" అని మా ఆయన మెల్లగా అడిగాడు.

"సంతకం పెట్టినంక పోదాం" అన్నాను.

మూడుంబావుకు పెట్టేశాను. సాయంత్రం మిర్యాలగూడ బస్సులో ఆయన భుజం మీద తల పెట్టి నిద్రపోయాను. బస్సులో నిద్రపోవడం నాకు అదే మొదటిసారి.

శిక్షణకు పోబట్టి నేటికి పదకొండు రోజులు. నాలుగు రోజులు వాంతి అయింది, పదకొండు రోజులూ మిషను తొక్కాను. హైస్కూలు మానేసిన ఆ ఐదో రోజు అప్పుడప్పుడు గుర్తొస్తుంది. నాకు అప్పుడు కావాల్సింది బస్సు పడే కడుపు కాదని ఇప్పుడు తెలిసింది. కక్కినా బడికి పోవచ్చని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. కోపం లేదు, హాయిగా ఉంది.

ఈ దారిలో వచ్చేవాళ్లకు ఒక్క మాట: బయలుదేరే ముందు రెండు ఇడ్లీలు తినండి, రెండు కవర్లు చేతికందేలా పెట్టుకోండి. ఒకటి వాడితే ఇంకొకటి ఉంటుంది, ప్రయాణం ఆపక్కర్లేదు.