ఎవరూ వేయమనని రోడ్డు

మొదటిసారి సివిల్స్ మెయిన్స్‌లో పోయాక నేను ఆన్‌లైన్ ఆటలకు అలవాటుపడ్డాను. దేశ రాజధానికి వచ్చి ముఖర్జీ నగర్‌లో పీజీ గది అద్దెకు తీసుకుని, గోడల నిండా భారతదేశ పటాలు అంటించుకుని, ఆదివారం మధ్యాహ్నాలు కత్తులూ మంత్రాలూ ఉండే లోకంలో తిరుగుతున్నానని వరంగల్‌లో మా ఇంట్లోవాళ్ళకు ఎలా చెప్పను? చాలాకాలం చెప్పలేదు.

నన్ను అందులోకి దింపింది నా రూమ్మేట్. అనంతపురం అమ్మాయి. నాకంటే ఒక ప్రయత్నం ముందుంది, ఆటలోనూ నాకంటే ముప్పై లెవెల్స్ ముందుంది. "వారమంతా చదివింది బుర్రలో దిగాలంటే ఒక్క పూటన్నా బుర్రకు వేరే పని చెప్పాల మే" అని లాప్‌టాప్ నా ముందు పెట్టింది.

ఆ మొదటి ఆట అంతా ఒక పద్ధతిలో నడుస్తుంది. దేశదేశాల నుంచి వేలమంది ఒకేసారి ఆడతారు, కానీ ఎవరూ దారి తప్పరు. పని అప్పగించే మనిషి తలమీద బంగారు గుర్తు మెరుస్తుంటుంది. ఎటు వెళ్ళాలో పటం మీద గీత పడుతుంది. ఒక పని పూర్తయితే ఇంకో పని, ఒక ఊరు అయితే ఇంకో ఊరు. నేను వైద్యురాలి పాత్ర తీసుకున్నాను. దెబ్బలు తిన్నవాళ్ళకు ప్రాణం పోయడం నా పని.

కొన్నాళ్ళకు మమ్మల్ని ఇరవైమంది దండులో చేర్చుకున్నారు. నాయకురాలు నాగపూర్‌లో నర్సు. ఆమె ముఖం మేమెవరమూ చూడలేదు. హెడ్‌ఫోన్‌లో గొంతు మాత్రం వినిపించేది, ఎప్పుడూ హెచ్చనిదీ తగ్గనిదీ. మంచుకోటలో ఉండే ఒక రాక్షసుడి మీదికి ఆరు ఆదివారాలు వెళ్ళి ఆరుసార్లూ ఓడిపోయాం. ఏడో ఆదివారం ఆమె "ఎడమ, కుడి, ఆగండి, ఇప్పుడు" అంటుంటే ఇరవైమందీ ఒకే ఒంటికి ఇరవై వేళ్ళలా కదిలాం. రాక్షసుడు కూలాడు. కోట పైకప్పు తెరుచుకుని పైన ఆకాశమంతా ఆకుపచ్చ వెలుగు పరుచుకుంది. నాలుగైదు భాషల్లో ఒకటే అరుపులు. మా గది కింద ఉండే దీదీ పైకి వచ్చి "సెలెక్షన్ హో గయా క్యా?" అని, మాకు ఉద్యోగం వచ్చిందేమోనని ఆశగా అడిగింది. మా ఇద్దరికీ కళ్ళలో నీళ్ళు.

మరుసటి ఆదివారం మళ్ళీ అదే కోటకు వెళ్ళాం. రాక్షసుడు అదే గద్దెమీద కూర్చుని, అదే బెదిరింపు మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు.

"పోయిన వారం చంపినం కదనే వీన్ని?" అన్నాను.

"ఇంగొకరు ఆడుకోవద్దా? మనం ఒక్కరమేనా?" అంది రూమ్మేట్.

ఆమె అన్నది న్యాయమే. అయినా నాకు మనసులో ఏదో వెలితి పడింది. మేం అంత కష్టపడి చేసినదాని గుర్తు ఆ లోకంలో ఒక్క గీతంతైనా లేదు.

రెండోసారి మెయిన్స్ రాసి ఫలితం కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఇంకో రకం ఆట మొదలుపెట్టాను. అలాంటివాటిని శాండ్‌బాక్స్ అంటారు. పిల్లలకు ఇసుక పోసిచ్చి మీ ఇష్టం అన్నట్టు, ఆడేవాళ్ళకు నేలా నీరూ చెట్లూ రాళ్ళూ ఇచ్చి వదిలేస్తారు. అందులో ఉన్న ప్రతి ఇల్లూ, ప్రతి ఊరూ, ప్రతి గోడా ఆడేవాళ్ళు కట్టిందే. కూలగొట్టినా వాళ్ళే. కూలింది కూలినట్టే ఉంటుంది.

ఆట మొదలవగానే నన్ను ఒక ఒడ్డున పడేశారు. బంగారు గుర్తు లేదు, పటం మీద గీత లేదు. ఒకసారి ఆకలికి చచ్చాను, ఒకసారి చలికి, ఒకసారి తోడేలు నోట్లో పడి. ఆట తీసేద్దామనుకుంటూనే నాలుగోసారి ఉత్తరం వైపు నడిచాను. చిత్తడినేల. కాలు వేస్తే దిగబడుతోంది. అరగంట నడిచాక పాదం కింద చప్పుడు మారింది.

రాళ్ళు. నేనొక రోడ్డు మీద నిలబడి ఉన్నాను.

కంప్యూటర్ తెరమీద రోడ్డు చూసి నేనెందుకు అంత నిశ్చేష్టురాలినయ్యానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అది మధ్యలో కొంచెం ఎత్తుగా, రెండు వైపులకూ వాలుగా ఉంది, వాన నీరు నిలవకుండా. పల్లం వచ్చినచోట కింద తూము పెట్టి ఉంది. ఎవరో ఒక్కొక్క రాయీ మోసుకొచ్చి పేర్చారు. కనుచూపు మేర అలా పేర్చుకుంటూ పోయారు. ఆ లోకంలో ఎవరూ ఎవరికీ ఆ పని చెప్పలేదు. చేసినందుకు ఏ లెవెలూ పెరగదు.

కొంతదూరం పోయాక చెక్క బోర్డు కనిపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంది కానీ మాటలు ఇంగ్లీషు కావు. "నెమ్మది. ముందు వంతెన. ఇరుకు."

తెలుగు! మూడుసార్లు చదివాను. తర్వాత బోర్డు పక్కనే కూర్చున్నాను. బోర్డు పెట్టినవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు రాకపోరు కదా!

రెండు రోజులు కాచాను. మూడో రోజు ఉదయం పసుపు టోపీ పెట్టుకున్న పాత్ర ఒకటి రాళ్ళబండి లాక్కుంటూ వచ్చింది. నేను గబగబా టైప్ చేశాను: "మీరు తెలుగా?"

చాలాసేపు జవాబు లేదు. వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. తర్వాత ఒక్కొక్క అక్షరం ఏరినట్టుగా వచ్చింది: "అవునమ్మా. కొంచెం ఆగు. ఒక వేలితో కొడుతున్నాను."

ఎవరో ఇంజినీరింగ్ విద్యార్థి అయ్యుంటాడనుకున్నాను. ఆయనకు అరవై ఆరేళ్ళు. కాకినాడ వైపు మనిషి. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో రోడ్ల అంచనాలు పరిశీలించే సెక్షన్‌లో పనిచేసి రిటైరై, ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉద్యోగస్తురాలైన కూతురి దగ్గర భార్యతో కలిసి ఉంటున్నారు. నేనుండే ఊళ్ళోనే, అవతలి కొసన.

"రోడ్డు ఎందుకు వేస్తున్నరు అంకుల్?" అని అడిగాను.

"పడమట రేవు పట్నం ఉంది. తూర్పున గనులున్నాయి. మధ్యలో ఈ బురద. కొత్తగా వచ్చినవాళ్ళంతా ఇందులోనే పడి చచ్చిపోతున్నారమ్మా. ఎవడో ఒకడు వెయ్యాలి కదా."

ఆ రోజు నుంచి లైబ్రరీ నుంచి వచ్చాక గంటసేపు ఆయనకు రాళ్ళు మోశాను. వంతెన పని అప్పుడు చివరికొచ్చింది. ఆ ఆటలో బరువుకు లెక్క ఉంది. తప్పు కడితే కూలుతుంది. ఆయన కట్టింది కూలలేదు.

నవంబరులో, పొగమంచుతో ఊరంతా గొంతు పట్టేసిన ఒక ఆదివారం ఉదయం, ఆయన కూతురితో ఫోన్లో మాట్లాడి, నేనూ రూమ్మేటూ మెట్రో ఎక్కి ఆర్.కె. పురం వెళ్ళాం. లాప్‌టాప్ కూడా తీసుకెళ్ళాను. బనియన్ మీద స్వెట్టర్ వేసుకున్న పొట్టి మనిషి తలుపు తీశారు. ఆంటీ ఉప్మా పెట్టి, "ఈయన పిచ్చి ఈయనకొక్కరికే అనుకున్నాను. మీక్కూడానా!" అన్నారు.

ఆయన గ్రాఫు నోటుపుస్తకాలు మూడు తెచ్చి మా ముందు పెట్టారు. రోడ్డు మొత్తం పెన్సిల్‌తో గీసి ఉంది, మలుపులూ తూములూ స్తంభాలూ కొలతలతో సహా.

"సర్వీసులో మీరు వేసిన రోడ్లు కూడా ఇట్లనే గీసుకునేటోళ్ళా?" అన్నాను.

"సర్వీసులో నేనొక్క రోడ్డూ వెయ్యలేదమ్మా. వేరేవాళ్ళు వేస్తామన్నవాటికి తప్పులు పట్టడమే నా పని. ముప్పై నాలుగేళ్ళు పట్టాను. ఆఖరికి మొన్న మొన్న ఇందులో వేశాను." నవ్వుతూనే చెప్పారు.

లోపలి గదిలోంచి కూతురు "పాపా, చాయ్ ఠండీ హో రహీ హై" అని, టీ చల్లారిపోతోందని నాన్నను పిలిచింది. ఆయన వినిపించుకోలేదు.

నేను ఆయనకు మా మొదటి ఆట చూపించాను. కొండ అంచున కట్టిన ఒక నగరం ఉంది అందులో. దాని కింద నదిమీద ఏడు కమానుల వంతెన. పాత్రను నడపడం చెప్పి, బంగారు గుర్తు చూపించి "అటు పోవాలె" అన్నాను. ఆయన అటు పోలేదు. మెట్లు దిగి, నది ఒడ్డుకు వెళ్ళి, వంతెన కిందికి చేరి తలెత్తి నిలబడ్డారు. మేమిద్దరం ఏడాదిగా ఆ వంతెన మీద వందలసార్లు పరుగెత్తాం. కిందికి ఎప్పుడూ వెళ్ళలేదు.

"చూడమ్మా" అన్నారు, గొంతు తగ్గించి. "నీళ్ళు వచ్చి తగిలే వైపు స్తంభాలకి కట్టినవాడు కోసుగా ముక్కు తీశాడు. వరదొస్తే నీరు చీలిపోతుంది. ఈ వైపు ముక్కు లేదు, అక్కర్లేదు గనక. ఇదిగో, పాత నీటి గుర్తు. ఇంతెత్తున వరదొచ్చి పోయినట్టు రంగు వేశాడు."

"వరద రాదు సార్ దాంట్లో" అంది రూమ్మేట్. "నీళ్ళు ఎప్పుడూ అంతే ఉంటాయి."

"తెలుసమ్మా. అదే అంటున్నాను. రాని వరదకి కట్టాడు. ఎవడు దిగి చూస్తాడని? అయినా కట్టాడు."

మేం ముగ్గురం అరగంట ఆ వంతెన కిందే ఉన్నాం. ఆంటీ కూడా వచ్చి వెనక నిలబడ్డారు. మేం చేసినదాన్ని గుర్తుపెట్టుకోని లోకమని నేను చిన్నచూపు చూసిన ఆటలో, ఎవరో పేరు తెలియని మనిషి పనితనం రాయిరాయికీ ఉంది. నేనే చూడలేదు. ఆ రోజు తిరుగు ప్రయాణంలో మెట్రో కిటికీలోంచి కనిపించిన ప్రతి ఫ్లైఓవర్ స్తంభాన్నీ నోరు తెరుచుకుని చూశాను.

డిసెంబరు మొదట్లో ఒక శనివారం పొద్దున్నే శాండ్‌బాక్స్ తెరిచేసరికి మా వంతెన లేదు. నల్ల ముసుగుల దోపిడీ ముఠా ఒకటి ఆ దారిన పోతూ, సరదాకే కావచ్చు, కూలగొట్టి పోయింది. నదిలో చెక్కలు తేలుతున్నాయి. ఫోన్ చేశాను.

"అంకుల్, వంతెన లేదు. మొత్తం కూలగొట్టిన్రు."

నోటుపుస్తకం పేజీలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత "ఎన్ని స్తంభాలు నిలబడ్డాయి?" అన్నారు.

"రెండు."

"పునాదులు?"

నీళ్ళలోకి దిగి చూశాను. "ఉన్నయి. అన్నీ ఉన్నయి."

"అయితే సగం పని అయిపోయినట్టే."

"వాళ్ళు ఎవరో తెలుసుకుందాం అంకుల్. వాళ్ళ కోట మీదికి పోదాం."

"వాళ్ళని వెతుక్కుంటూ పోతే వంతెన ఎవరు కడతారమ్మా?"

నాకు కోపం తగ్గలేదు గానీ ఒక ఆలోచన వచ్చింది. నాగపూర్ నర్సుకు సందేశం పెట్టాను. ఆదివారం మా ఇరవైమంది దండు, రాక్షసుడిని వదిలేసి ఈ ఆటలోకి దిగి, చచ్చీ చెడీ ఆ చిత్తడినేల దాటి వచ్చింది. అంకుల్ నోటుపుస్తకంలో పేజీలు ఫోటో తీసి పంపారు. నర్సు వాటిని చదివి, అదే హెచ్చుతగ్గుల్లేని గొంతుతో పనులు పంచింది. నలుగురు కొండ దగ్గర రాయి, ఆరుగురు మోత, ఇద్దరు కాపలా, మిగిలినవాళ్ళు కట్టుబడి. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం ఏడాదిగా నేర్చినవాళ్ళు. ఏ దారీ చూపని ఆ లోకంలో అలాంటి దండును అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. కొందరు తట్ట ఎత్తారు.

రెండో ఆదివారానికి రేవు పట్నం నుంచీ గనుల నుంచీ జనం వచ్చారు. లెక్కపెట్టలేకపోయాను. నల్ల ముసుగు వేసుకున్నవాడొకడు వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, సాయంత్రం దాకా రాళ్ళు మోశాడు.

"కూలగొట్టినోళ్ళలో వీడొకడు. ముసుగు చూడు" అంది రూమ్మేట్.

నేను అంకుల్‌కి చెప్పాను. "మోస్తున్నాడు కదా" అని టైప్ చేశారు. అంతే.

చీకటి పడకముందే వంతెన పూర్తయింది. అందరూ ఆయన్ని మొదట దాటమన్నారు. ఆయన దాటలేదు. కిందికి దిగి, నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, మొదటి స్తంభం దగ్గర తల పైకెత్తారు. నేనూ దిగి పక్కన నిలబడ్డాను. పైన బళ్ళు కదిలాయి. ఒకటి, రెండు, పది. తర్వాత జనం బారులు తీరి, ఎవరి భాషలో వాళ్ళు చాట్‌లో ఏదో రాస్తూ మా తలలమీదుగా వెళ్ళారు. కంప్యూటర్ చప్పుడే అది, నాకు తెలుసు. అయినా ఊపిరి బిగబట్టాను.

"కదల్లేదు" అని ఒక్క మాట వచ్చింది ఆయన నుంచి.

ఆ వారంలోనే ఫలితాలు వచ్చాయి. నా నంబరు లేదు. రూమ్మేట్‌ది ఉంది. తర్వాత ఇంటర్వ్యూ గట్టెక్కి ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేస్తోంది. నేను ఇంకోసారి రాసి, మానేసి, నోయిడాలో ఒక ప్రచురణ సంస్థలో పాఠ్యపుస్తకాలు సరిచూసే పనిలో చేరాను. రెండు ఆటలూ ఇంకా ఆడుతున్నాను. ఏది గొప్ప అని ఆఫీసులో కుర్రవాళ్ళు అడుగుతుంటారు. ఒకదానిలో ఇరవైమందితో కలిసి ఒక్క మనిషిగా మారడం తెలిసింది. ఇంకోదానిలో ఒక్క మనిషి ఎంత దూరం వెళ్ళగలడో కళ్ళారా చూశాను. అంకుల్ కంటి ఆపరేషన్ చేయించుకుని, మళ్ళీ దక్షిణాన ఇంకో రోడ్డు మొదలుపెట్టారు.

కిందటి నెల వంతెన దగ్గర ఒక కొత్త ఆటగాడు నన్ను ఆపి హిందీలో అడిగాడు, ఈ రోడ్డు ఆట తయారుచేసినవాళ్ళే వేశారా అని. "యే రోడ్ గేమ్‌వాలోఁ నే బనాయీ హై క్యా?"

"నహీఁ భయ్యా. ఒకాయన వేశారు" అని హిందీలోనే చెప్పాను. "ఆర్.కె. పురంలో ఉంటారు."

అతని పాత్ర వంతెన అంచుకు వెళ్ళి, వంగి, కిందికి చూడసాగింది.