వదిన నెత్తురు పరీక్ష

ఎనభైల మొదట్లో నేను నరసరావుపేటలో ఒక చిన్న ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసేదాన్ని. సత్తెనపల్లిలో పచారీ కొట్టు నడిపే మా అన్నయ్య ఓ రోజు పొద్దున్నే పరగడుపున వచ్చాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రక్తపరీక్షకు వచ్చాడు. తోడుగా వదిన వచ్చింది. ఇద్దరూ భారీ మనుషులే. మా బంధువులు ఆ లావును కలిమికి గుర్తుగా చెప్పుకునేవాళ్లు.

అన్నయ్యకు రక్తం తీశాక, "నువ్వూ ఏమీ తినలేదుగా వదినా, చెయ్యి ఇటివ్వు" అన్నాను.

"నాకెందుకమ్మాయ్? నాకేం రోగం?" అంటూనే చెయ్యి చాపింది.

ఇద్దరి రక్తం ఉన్న గాజు గొట్టాలనూ యంత్రంలో తిప్పి తీశాను. ఎరుపంతా అడుగుకు దిగి, పైన నీరు తేరింది. అన్నయ్యది లేత పసుపుగా ఉంది. వదినది పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. గొట్టం వెనక వేలు పెడితే వేలు కనబడలేదు.

"ఈ తెలుపంతా కొవ్వే" అన్నారు డాక్టరుగారు. ఒళ్లు పెరిగి, నడుం చుట్టూ కొవ్వు చేరితే నెత్తుర్లోనూ కొవ్వు పెరిగే అవకాశం ఎక్కువని, నెయ్యీ నూనెలే కాదు, అన్నం, మిఠాయిలు మితిమీరినా పెరుగుతుందని చెప్పారు. ఎవరిలో ఎంతుందో పైకి చూసి చెప్పలేమన్నారు. అన్నయ్యకూ కొలెస్ట్రాల్ ఎక్కువే. ఇద్దరి ఫలితాలూ, ఇద్దరికీ ఒకే పథ్యమూ ఒక కాగితంమీద రాసిచ్చారు.

నెల తర్వాత వాళ్లింటికి వెళ్లాను. పథ్యం అన్నయ్య ఒక్కడికే నడుస్తోంది. ఆయనకు జొన్నరొట్టె, నూనె లేని కూర. ఆయన మానేసిన నెయ్యి, పిల్లలు వదిలేసిన గారెలు వదిన కంచంలో ఉన్నాయి.

"వదినా, నీకే ఎక్కువుందని చెప్పాను కదా!"

"పారెయ్యమంటావా ఏంది? ఆయన బాగుంటే చాలు. నాకు చానా ఓపికుందిలే."

నేను గట్టిగా పోట్లాడలేదు. ఆమె పెట్టింది తిని బస్సెక్కాను.

ఆ ఏడు ఎండాకాలంలో ఓ పొద్దున వదినకు దవడ, ఎడమ భుజం లాగేసి చెమటలు పట్టాయి. గ్యాసని ఇంట్లో వాము నమిలించారు. మధ్యాహ్నం దాటాక గుంటూరు తీసుకెళితే గుండెపోటన్నారు. నేను వెళ్లేసరికి అన్నయ్య వరండాలో నేలమీద కూర్చుని ఉన్నాడు.

"ఆరోజు కాగితంలో దానిక్కూడా రాసుందా అమ్మాయ్?"

"రాసుందన్నయ్యా."

"నాది మటుకే చదువుకున్నానే" అని కండువాలో మొహం దాచుకున్నాడు.

వదిన బతికింది కానీ గుండె దెబ్బతింది. సాయంత్రాలు అన్నయ్య ఆమె అడుగుకు అడుగు కలిపి నడిపించేవాడు. ఏడాదికి ఆమె బరువు బాగా తగ్గింది, నెత్తుర్లో కొవ్వూ తగ్గింది. "ఇట్టా చిక్కిపోయావేందే!" అని చుట్టాలు జాలిపడేవాళ్లు. బిందె నీళ్లు మోయలేకపోవడం ఒక్కటే ఆమెకు బాధగా ఉండేది.

నాలుగేళ్లు అలా గడిచాయి. ఐదో ఏట మళ్లీ వచ్చిన గుండెనొప్పితో కన్నుమూసింది. ఆ నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా అన్నయ్య ఆమె కంచంలో ఏముందో చూడకుండా ముద్ద ఎత్తలేదు.