పడటం నేర్పిన టీచరమ్మ

మొన్న పొద్దున అలిపిరిలో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. మా డాన్సు టీచరమ్మ నిద్రలోనే పోయారట. కొండ మీద గాజుల కొట్టు తెరవాల్సినదాన్ని, అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చాను. వచ్చేపోయే భక్తులు నాకేదో పెద్ద మొక్కు ఉందనుకుని ఉంటారు.

బాత్రూంలో జారి చెయ్యి విరిగినప్పటి నుంచి నాకు పడతానని ఒకటే భయం. ఎముక అతుక్కుంది గానీ గోడ పట్టుకోనిదే అడుగు పడేది కాదు. మా అమ్మాయిని మోడరన్ డాన్సు క్లాసులో దింపడానికి వెళ్తే, ఆవిడ నన్నే చూశారు.

"గోడని ఎన్నాళ్లు పట్టుకుంటావు? దా, నీకు పడేది నేర్పిస్తా."

"ఎగిరేది నేర్పిస్తారనుకుంటి, ఇదేంది మేడమ్?"

"ముందు నేలతో సావాసం సెయ్యి. ఎగిరేది తర్వాత సూద్దాం."

మొదటి రోజు నేల మీద దొర్లమన్నారు. కొత్తగా చేరిన ఆడవాళ్లమంతా తలపైకి చేతులు చాచి, అరచేతులు జోడించి, కట్టెల్లా బిగుసుకుని దొర్లాం. పొర్లుదండాలు తప్ప మాకు వేరే దొర్లుడు తెలిస్తే కదా! ఒకామె గోవిందా అని కూడా అనేసింది. టీచరమ్మ నవ్వలేక కూలబడ్డారు.

"సామికి పెట్టిన దండాలు సాలమ్మా. సేతులు ఇడిసిపెట్టండి. బరువంతా నేలకిచ్చేయండి, అది మోస్తాది."

క్లాసుకు ముందు హాలు తనే తడిగుడ్డతో తుడిచేవారు. పాట పెట్టమంటే, "ముందు మీ ఊపిరి ఇనండి" అనేవారు. కడుపునిండా తిని వచ్చిన వాళ్లను మాత్రం చెడామడా తిట్టేవారు.

మోకాళ్లు వంచి, ఊపిరి వదిలి, పక్కకు వాలాలి. తొడ, నడుము, భుజం వరుసగా నేలకు ఆనాలి. "పడితే దెబ్బ తగల్దు, బిగుసుకుంటేనే తగిల్తాది" అని నా వీపు వెనక చెయ్యి పెట్టేవారు. ఆ చెయ్యి ఉంటేనే నేను పడేదాన్ని. తీసేస్తానన్నప్పుడల్లా బతిమాలేదాన్ని. ఈ వారం వద్దు మేడమ్, వచ్చే వారం అని.

ఆదివారం అందరం హాల్లో చేరాం. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. నేనే మధ్యలోకి వెళ్లాను. వీపు వెనక ఎవరూ లేరు. ఒళ్లంతా బిగుసుకుంది. మోకాళ్లు వంచాను, ఊపిరి వదిలాను, వాలిపోయాను.

దెబ్బ తగల్లేదు. నేల చల్లగా ఉంది. చెవి ఆనించి అలాగే పడుకుంటే, నా పక్కనే ఒకరి తర్వాత ఒకరు మెత్తగా వాలుతున్న చప్పుడు.