ఈ ఒక్కటీ అయ్యాక

మా బావను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన ఒక్కటి మేస్త్రీ. అన్నానికి రమ్మన్నా, మందు వేసుకోమన్నా "ఈ ఒక్కటీ అయ్యాక" అనేవాడు. ఆ బిరుదు తగిలించింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

ఇంటి ముందు గదిలోనే ఆయన లేతు మిషన్. దాని మీద చెక్కను తిప్పుతూ సొరుగులకు గుబ్బలు, కుర్చీలకు కాళ్లు తీసేవాడు. గుబ్బ తయారవగానే, అది తిరుగుతుండగానే మా అక్క పక్కన నిలబడి గుడ్డతో మైనం పట్టేది. నేను పెట్టెల్లో సర్దేదాన్ని.

చిన్న గుబ్బలను పట్టి ఉంచడానికి బావ ఒక ఉపాయం పన్నాడు. పాత సామాన్ల కొట్లో డ్రిల్లింగ్ మిషన్ చక్ ఒకటి దొరికింది. దాని మూడు దవడలు ఎంత సన్నటి కాడనైనా గట్టిగా కరుచుకుంటాయి. వెనక తోకలా చివరికి సన్నబడే కడ్డీని లేతు ఇరుసు రంధ్రంలో దూర్చి, చెక్క సుత్తితో ఒక్కటి వేసి, "కూర్చుంది" అన్నాడు.

కూర్చున్న మాట నిజమే. రంధ్రాలు వేసేటప్పుడైతే బలం లోపలికే పోతుంది కాబట్టి అది కదలదు. గుబ్బ చెక్కేటప్పుడు ఉలి పక్కనుంచి నెడుతుంది. ఆ అదురుకి తోక వదులైతే, గిర్రున తిరిగే ఇనుము బయటికి ఎగురుతుంది. ఈ సంగతి బావకి తెలియదనుకునేరు. నిక్షేపంలా తెలుసు. తోక చివర బెజ్జం వేసి థ్రెడ్డు కూడా తీశాడు. దాన్ని వెనకనుంచి లాగిపట్టే పొడుగు బోల్టు తెచ్చాడు. ఆ బోల్టు తల ఇరుసు రంధ్రంలోకి జారిపోకుండా వెనక అడ్డుగా ఒక చెక్క బిళ్ల కావాలి. పది నిమిషాల పని.

మూడు రోజులు ఆ బోల్టు గోడ మేకుకే వేలాడింది.

మూడో రోజు పొద్దున మిషన్ చప్పుడు మారింది. రోజూ వినే మోత మధ్యలో సన్నగా టిక్, టిక్ అని ఏదో.

"ఆపు బావా! చక్ వదులైనట్టుంది."

ఆపాడు. సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. "కూర్చుంది మరదలు పిల్లా. నీకన్నీ అనుమానాలే."

"ఆ బిళ్లేదో చేసి బోల్టు బిగించేయొచ్చు కదండీ," అంది అక్క.

"ఈ ఒక్కటీ అయ్యాక."

అక్క నావైపు తిరిగి, మీ బావ సంగతి తెలిసిందేగా అన్నట్టు కన్ను కొట్టింది. మిషన్ తిరిగింది. గుబ్బ నున్నగా తేలింది. అక్క గుడ్డ పట్టుకుని వంగింది. మళ్లీ అదే చప్పుడు. నాకు ఒళ్లు మండింది. స్విచ్చి నేనే ఆపేద్దామని లేచాను. నాలుగడుగుల దూరం.

రెండో అడుగులో ఉండగా చక్ ఊడింది.

ఆసుపత్రిలో పదకొండో రోజు అక్క కంటి కట్టు విప్పారు. ఎడమ కన్ను పోయింది. ఆరోజు నావైపు తిరిగి కొట్టిన కన్ను అదే. బావ మంచం పట్టె మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అక్క చెయ్యి చాచి ఆయన జుట్టు నిమిరింది.

"ఊరుకోండి. ఈ ఒక్కటీ ఉందిగా."

ఆ మాటకి బావ చెవులు మూసుకున్నాడు.

ఇంటికి రాగానే ఆయన ఆ బిళ్ల చేశాడు. నేను గుమ్మంలో నిలబడి గడియారం చూస్తూనే ఉన్నాను. ఎనిమిది నిమిషాలు పట్టింది.