అమ్మేది లేదన్న బండి

నా చిన్నప్పుడు ఒక వేసవి మొత్తం మా ఇంట్లో మోటార్ సైకిళ్ళ మాటలే. మేము ఉక్కునగరంలో కంపెనీ క్వార్టరులో ఉండేవాళ్ళం. నాన్నది స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. అమ్మకు పరవాడ వైపు ఒక చిన్న బడిలో టీచరు పని దొరికింది. పెళ్ళికి ముందు చదివిన చదువు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చిందని ఆమె ఎంతో మురిసిపోయింది. నన్నూ అదే బడిలో చేర్పించింది. కానీ ఆ దారిలో బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. మేము తరచూ ఆలస్యంగా వెళ్ళేవాళ్ళం. వేసవి సెలవులిచ్చే రోజున హెడ్మాస్టరు అమ్మను పిలిచి, బడి తెరిచాక కూడా ఇలాగే జరిగితే ఇంకొకరిని చూసుకుంటామని చెప్పేశారు. అమ్మ ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, బియ్యం ఏరుతూ కూర్చుంది. బండి కొనాల్సిందేనని నాన్న ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాడు.

ఏ బండి కొనాలన్నదే తేలలేదు. ఒకరు ఫలానా కంపెనీది పెట్రోలు తక్కువ తాగుతుందనేవారు. ఇంకొకరు వచ్చి, తాగితే తాగింది, దాని సామాన్లు దొరక్క ఊరంతా తిరగాలి, నా మాట విని ఈ కంపెనీది కొను, వీధి చివరి మెకానిక్కయినా బాగుచేస్తాడనేవారు. బండి కొనడం ఒక ఎత్తు, దాన్ని మేపడం ఒక ఎత్తు అని మరొకరు భయపెట్టేవారు. వరండాలో కూర్చుని వినే నాకు చివర మాట్లాడినవారి మాటే నిజమనిపించేది. నాన్నకీ అంతే. రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు ఒక కంపెనీ పేరు, పొద్దున కాఫీ తాగేటప్పుడు ఇంకొకటి. బడి తెరిచే రోజు మాత్రం దగ్గరపడుతోంది.

మాకు బాగా తెలిసిన బండ్లు రెండు. ఎదురింటాయనది ఎర్ర బండి. గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి, కనపడినవాళ్ళందరికీ దాని గొప్పలు చెప్పేవాడు. రెండోది వేరే కంపెనీ నల్ల బండి, పక్క బ్లాకులో ఉండే మావయ్యది. ఆయనతో మాకు చుట్టరికం లేదు. నాన్నను బావా అని పిలుస్తాడు గనుక నాకు మావయ్య. ఆయన ఆ బండిని తిట్టని రోజు లేదు. "ఇది బండి కాదు బావా, నా పేనానికి పట్టిన దయ్యం. వాన సినుకు పడితే సాలు, మొరాయించీస్తాది" అనేవాడు.

అలాంటి సమయంలో భీమిలి నుంచి మా మేనత్త వచ్చింది. గేదెల్ని మేపి పాలు అమ్ముకునే మనిషి. నాన్న గోడు విని ముక్కున వేలేసుకుంది.

"గేదిని కొన్నప్పుడు పాలెన్నిస్తాదని అడుగుతారేట్రా? అందరూ బిందె నిండుతాదనే సెప్తారు. దాన్ని నాకు అమ్ముతావా అని అడగాల. టక్కున సరే అన్నాడంటే ఆ గేదిలో ఏదో లోపమున్నట్టే. సస్తే అమ్మను అన్నాడా, అదే మంచి గేది" అంది.

మర్నాడే నాన్న నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఎర్ర బండి అమ్ముతారా అని నాన్న అడగబోతే ఎదురింటాయన మాట పూర్తి కానివ్వలేదు. "మీకు కాక ఇంకెవరికిస్తానండీ, రేపే తీసుకెళ్ళిపోండి" అన్నాడు. నాన్న నా వైపు చూసి కన్నుగీటాడు. అక్కణ్ణుంచి పక్క బ్లాకుకు వెళ్ళాం. నల్ల బండిని అమ్మమని అడగగానే మావయ్య ముఖం మారిపోయింది. "ఇది అమ్మేది లేదు బావా. ఎంతిచ్చినా అమ్మను" అన్నాడు. రోజూ తిట్టే మనిషి అలా అనడం నాకు అర్థం కాలేదు. నాన్నకు మాత్రం అంతా అర్థమైపోయింది. ఆ వారంలోనే అదే కంపెనీ నల్ల బండి, కొత్తది, మా గుమ్మం ముందుకొచ్చింది. అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

బడి తెరిచారు, వెంటనే వానలూ మొదలయ్యాయి. ఒక ఉదయం జల్లు పడుతుండగా బయల్దేరాం. నేను ముందు ట్యాంకు మీద, అమ్మ వెనక. టౌన్‌షిప్ దాటామో లేదో బండి దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. నాన్న కిక్కు కొట్టి కొట్టి అలిసిపోయాడు. అమ్మ గొడుగు కింద నన్ను పొదువుకుని నిలబడింది. బడి గంట కొట్టే వేళవుతోందని మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తోంది.

అప్పుడే నైటు షిఫ్టు దిగి ఇంటికెళ్తున్న మావయ్య మమ్మల్ని చూశాడు. ఏమైందని కూడా అడగలేదు. "సెల్లెమ్మా, పాపనెత్తుకుని ఎక్కు. బావా, నువ్వు దాన్ని తోసుకుంటూ ఇంటికెల్లిపో" అన్నాడు. ఆయన బండీ దారిలో రెండుసార్లు ఆగబోయింది. ఆయన దాన్ని తిడుతూ, బతిమాలుతూ, నిద్రలేని కళ్ళతో మమ్మల్ని బడికి చేర్చాడు. అప్పుడే ప్రార్థన మొదలైంది. హెడ్మాస్టరు తడిసిన అమ్మను చూసి తల పంకించారు. అమ్మ కొంగు పిండుకుని లోపలికి పరుగెత్తింది. ఆ ఉద్యోగం నిలిచింది.

నేను మాత్రం గేటు దగ్గరే ఆగాను. ఇంత పాడు బండిని నాన్నకెందుకు అమ్మనన్నావని మావయ్యను అడిగేశాను. ఆయన తడి ముఖం తుడుచుకుంటూ నవ్వాడు.

"నాదైతే కదమ్మా అమ్మడానికి! ఇది మా తమ్ముడిది. ఆడు ఓడ మీద పనికెల్తా తాళం నా సేతిలో ఎట్టీసి ఎల్లిపోనాడు. ఆడొచ్చేదాకా నాను సూడొద్దేటి?"

ఆ సాయంత్రం ఎదురింటాయన కొత్త స్కూటరు మీద కనిపించాడు. భార్యా ఇద్దరు పిల్లలూ ఎర్ర బండి మీద పట్టడం లేదట, అందుకని అమ్మేశాడట. దాన్ని కొన్నవాళ్ళు వానల్లో కూడా హాయిగా తిరుగుతున్నారు. నాకు తల తిరిగిపోయింది. అమ్ముతానన్నవాడిది మంచి బండి, అమ్మనన్నవాడిది మొండి బండి. మరి అత్త చెప్పిన మాట అబద్ధమా? గేదెలకు చెల్లిన మాట బండ్లకు చెల్లదా?

అత్త మళ్ళీ వచ్చినప్పుడు నాన్న ఆమెను నిలదీశాడు. "అమ్ముతావా అని అడగమన్నాను. ఎందుకమ్మవని అడగొద్దని నానన్నానేట్రా?" అంది. అందరూ పగలబడి నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆ బండిని చాలా ఏళ్ళు తిడుతూనే నడిపాడు, వానొచ్చిన రోజున మావయ్య వచ్చి మమ్మల్ని దింపేవాడు.

ఇప్పుడు నా కూతురు పరవాడ ఫార్మా కంపెనీలో పనికి వెళ్ళడానికి బండి కొనాలని రోజూ ఫోను పట్టుకుని కూర్చుంటుంది. మైలేజీ, సర్వీసు ఖర్చు, తిరిగి అమ్మితే వచ్చే ధర చదివి వినిపించి, "ఏది కొనమంటావ్ అమ్మా?" అని అడుగుతుంది. ఆ ఫోనులో ఒకడు మెచ్చుకుని ఐదు చుక్కలిచ్చిన బండికి పక్కవాడు ఒకటే ఇస్తాడు. ఏ కంపెనీ మంచిదో నాకు ఆనాడూ తెలియలేదు, ఈనాడూ తెలియదు. కానీ ఎవరైనా ఒకదాన్ని ఆకాశానికెత్తినా, నేలకేసి కొట్టినా, ఎందుకని అడగకుండా నేను ముందుకు కదలను. బండ్ల సంగతిలోనే కాదు, సంబంధాలు చూసేటప్పుడూ, ఇంట్లో పిల్లలు అలిగినప్పుడూ అంతే. అడిగిన ప్రతిసారీ నా అయోమయం తీరుతుందని చెప్పలేను. ఎదుటి మనిషి మాత్రం నాకు కాస్త దగ్గరవుతాడు.