గేరు సైకిలుకు మగ్గం తాడు

మొన్నామధ్య పెళ్లి చీర తీసుకుని మా మామ వాళ్ల ఊరు ముదిగుబ్బలో నేను ఎట్లా దిగినానో మీరింకా వినలేదు గదా? వేరేవాళ్లు చెప్తే ఇంత దాన్ని అంత చేసి చెప్తారు. అందుకే నేనే చెప్తా. టీ తాగుతూ వినండి.

మా ఇంట్లో గేరు సైకిలు ఉండే సంగతి మీకు తెలుసు. ధర్మవరం మొత్తానికి అదొక్కటే! పుట్టపర్తికి వచ్చిన ఒక తెల్లాయన వాళ్ల దేశం పోతా పోతా, నేను నేసిన పట్టుచీరలు తీసుకుని దాన్ని నాకిచ్చి పోయినాడు. వెనక చక్రానికి పక్కపక్కనే ఐదు పళ్ల చక్రాలు. హ్యాండిల్ కాడ లివరు లాగితే, వైరు పోయి కింద వేలాడే చిన్న చెయ్యిని లాగుతాది. ఆ చెయ్యి చైనును చిన్న చక్రం మీంచి పెద్ద చక్రం మీదికి ఎక్కిస్తాది. అంతే! దాని మీద నేను వీధిలో ఇచ్చినన్ని ఉపన్యాసాలు ఏ ఎమ్మెల్యే ఇచ్చి ఉండడు.

పెళ్లి మా మరదలిది. చీర నేసేది నేను. మా ఆవిడ ముందే బస్సులో పోతా, "ముహూర్తానికి చీర అందకపోతే మా నాయనకు నేను మొహం చూపించలేను" అనింది.

"బస్సు దండగ. గేరు సైకిల్లో గాలి మాదిరి వస్తా, పో" అన్నా నేను.

చీర మగ్గం దిగింది. గేరు వైరు పుటుక్కున తెగింది! సైకిల్ షాపు మస్తాన్ చూసి, "ఇట్లాంటి వైరు మన జిల్లాలోనే దొరకదన్నా. బస్సెక్కు" అన్నాడు.

నేనా బస్సెక్కేది? మగ్గం మీద వందల దారాలు కట్టే మనిషికి ఒక వైరు లెక్కా? బాగా పురి పెట్టిన నూలు తాడు తెచ్చి, వైరు గొట్టంలో దూర్చి ముడేసినా. ఆ చిన్న చెయ్యి మరీ లోపలికి పోకుండా ఒక స్క్రూ అడ్డం పడతాండాది. అడ్డమెందుకని దాన్నీ విప్పేసినా. సందులో తొక్కి చూస్తే గేర్లు బ్రహ్మాండంగా పడతాండాయి! "దొరలకు తెలివి లేదప్పా, ఇంత దానికి ఇనుప వైరా?" అని మస్తాన్‌కు వినిపించేట్టు అన్నా కూడా.

తెల్లారి చీరను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, క్యారియర్‌కు కట్టి బయల్దేరినా. సగం దారి రాజాలాగా పోయినా. అప్పుడు పడింది వాన! శ్రావణం మొదలైనప్పటి నుంచి చుక్క రాల్లేదు, దానికి ఆ రోజే దొరికింది. చేలల్లో జనం చేతులెత్తి మొక్కుతాండారు. నా వెనక మాత్రం, నేను లివరు ముట్టుకోకుండానే, చైను తనంతట తానే ఒక్కో చక్రం ఎక్కతాండాది! తాడు తడిసి బిగుసుకుంటాండాది. వదులు చేద్దామంటే ఉబ్బి గొట్టంలో ఇరుక్కుని కదల్దు. చైను పోయి అన్నిటికన్నా పెద్ద చక్రం మీద కూర్చుంది. కాళ్లు గిరగిరా తిరుగుతాండాయి, సైకిలు ముందుకు పోదు.

చేలోంచి ఒకాయన కేకేసినాడు: "ఏమన్నా, ఉన్నచోటే తొక్కుతాండావు, మొక్కుబడా?"

అంతలోనే ఆ చెయ్యి పోయి చక్రం ఊచల్లో దూరింది. కటకటమని ఊచలు విరిగినాయి. ఆపాల్సిన స్క్రూ మా ఇంటి గూట్లో భద్రంగా ఉండాది!

ముహూర్తం దగ్గర పడతాండాది. నాకు ఏడుపొక్కటే తక్కువ. బస్సు వచ్చింది, చెయ్యెత్తితే డ్రైవరు తనూ చెయ్యూపి పోయినాడు. ఆఖరికి ఆపింది గొర్రెల లారీ. ముందర జాగా లేదు. సైకిలు పైన కట్టి, చీర నెత్తిన పెట్టుకుని గొర్రెల మధ్య నిలబడి పోయినా.

పెళ్లికూతురు చీర కోసం గదిలోనే కూర్చోనుంది. చీర పొడిగా అందింది, బతికిపోయినా. మా మామ ముక్కు మూసుకుని, "ఏమప్పా అల్లుడా, గాలి మాదిరి వస్తానంటివంట. గాలి ముందే వచ్చె, నువ్వు ఇప్పుడొస్తివి" అన్నాడు.

మా ఆవిడ నన్ను పక్కకు లాగింది. "నూలు తాడు తడిస్తే బిగుసుకుంటాదని మగ్గం కాడ దినామూ నన్ను అరిచేది నువ్వే గదా?"

"తెలుసులేవే! మన జిల్లాలో వాన పడతాదని ఎవరనుకుంటారు?"

అయిపోయిందనుకున్నా. ఆ రోజు నుంచి మళ్లీ చుక్క లేదు. నిన్న కంబదూరు నుంచి మామ తమ్ముడు వచ్చినాడు. విరిగిన సైకిలు చుట్టూ తిరిగి, "అల్లుడా, వాన లేక చెనిక్కాయ పైరంతా ఎండిపోతాండాది. ఆ తాడే కట్టి ఒకసారి మా ఊరి దాకా తొక్కుతావా?" అన్నాడు. ఎగతాళి అనుకుని మొహం చూసినా. యాడా నవ్వు లేదు.

సరేనన్నా. ఊచలు వెయ్యమని సైకిలు మస్తాన్‌కు ఇచ్చినా. గొర్రెల లారీ ఆయప్పను మాత్రం ఈసారి ముందే మాట్లాడి పెట్టుకున్నా.